పదెకరాల్లో ఇల్లు, గ్యాలన్లలో లెక్క

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. నగరాల హద్దులు దాటాక, వాటిలో చాలాచోట్ల ఇల్లు కట్టుకోవడానికి మన పంచాయతీ ప్లాను లాంటి అనుమతి ఏదీ అక్కర్లేదు. ఎన్ని అంతస్తులు, ఎన్ని గదులు, ముందు ఎంత ఖాళీ వదిలారు అని అడిగే గుమాస్తా ఉండడు. డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ కూడా దాటేసి పొలాల వైపు చూస్తున్న తెలుగు కుటుంబాలకు భూమి చూపించేవాళ్లు ముందు వినిపించే మాట కూడా ఇదే: సిటీ లేదు, జోనింగ్ లేదు, పర్మిట్ లేదు. మొదటి రెండూ చాలావరకు నిజం. మూడోది సగమే. ఇంటికి పర్మిట్ అడగని కౌంటీయే, ఆ ఇంట్లోంచి బయటికొచ్చే మురుగునీటికి మాత్రం తప్పకుండా అడుగుతుంది. రోజుకు ఎన్ని గ్యాలన్లో కాగితం మీద చూపించమంటుంది.

టెక్సాస్ కౌంటీకి సొంతంగా అధికారాలేమీ లేవు. రాష్ట్ర శాసనసభ ఏది ఇస్తే అదే. ఏ నేలలో ఇళ్లు రావాలి, ఏ నేలలో దుకాణాలు రావాలి అని గీత గీసే జోనింగ్ అధికారాన్ని శాసనసభ కౌంటీలకు మామూలుగా ఇవ్వలేదు. 2009లో వచ్చిన చట్టం ఒకటి, కావాలనుకున్న కౌంటీలు కొత్త ఇళ్లకు అంతర్జాతీయ నివాస కోడ్‌ను వర్తింపజేయవచ్చంది. అలా తీర్మానించుకున్న చోట కనీసం 3 తనిఖీలు జరగాలి: కాంక్రీటు పోయకముందు పునాదికి, గోడలు మూయకముందు చట్రానికీ వైరింగుకీ పైపులకీ, అంతా అయ్యాక చివరిసారి. ఇంతా చెప్పి, కట్టడం మొదలుపెట్టే ముందు కౌంటీ ఆమోదం తీసుకోవాలన్న అర్థం దీనికి లేదని అదే చట్టం తేల్చేసింది. అంటే పునాది సరిగ్గా పడిందా లేదా అన్న బెంగ చాలావరకు ఇంటాయనదే. అనుమతి బెడద తప్పిందని సంబరపడే ముందు, ఆ అనుమతితో పాటు వచ్చే రెండో జత కళ్లు కూడా పోయాయని గుర్తుంచుకోవాలి. సొంత డబ్బుతోనైనా ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుని ఆ మూడు తనిఖీలూ చేయించుకోమనే నేనైతే చెబుతాను.

మరి మురుగు విషయంలోనే ఎందుకింత పట్టు? మెక్సికో సరిహద్దు కౌంటీల్లో దశాబ్దాల పాటు జరిగిన అమ్మకాలు ఒక కారణం. నీళ్ల గొట్టం లేదు, డ్రైనేజీ లేదు, వాన పడితే దారి లేదు. అయినా చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాయిదాల మీద పేదలకు అమ్మేశారు. కొలోనియాలని పేరుపడిన ఆ బస్తీల్లో లక్షలాది మంది స్థిరపడ్డాక, రోగాలు మొదలయ్యాక, 1989లో శాసనసభ కదిలింది. సెప్టిక్ వ్యవస్థల మీద రాష్ట్రవ్యాప్త చట్టం కూడా ఆ రోజులదే. ఇవాళ రాష్ట్ర పర్యావరణ కమిషన్ నిబంధనలు రాస్తుంది, చాలాచోట్ల కౌంటీ ఆఫీసు వాటిని అమలు చేస్తుంది.

సెప్టిక్ దాకా వెళ్లేముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. నగరం హద్దు అయిపోయిన చోట నగరం చెయ్యి ఆగిపోదు. జనాభా 5 వేల లోపున్న ఊరికి హద్దు అవతల అర మైలు, 25 వేల లోపైతే ఒక మైలు, 50 వేల లోపైతే 2 మైళ్లు, లక్ష లోపైతే మూడున్నర మైళ్లు, లక్ష దాటితే 5 మైళ్లు దాని అదనపు పరిధి ఉంటుంది. ఆ పరిధిలో భూమిని ప్లాట్లుగా విడగొట్టడం లాంటి వాటిపై నగరం మాట చెల్లుతుంది. 2023లో వచ్చిన చట్టం ఆ పరిధిలోంచి తప్పుకునే దారి చూపించింది కాబట్టి, పాత పటం నమ్ముకోకుండా మీ సర్వే నంబరు ఇవాళ ఎక్కడుందో అడగాలి. కౌంటీ ఆఫీసుకు ఒక ఫోను, పక్క ఊరి ప్లానింగ్ ఆఫీసుకు ఒక ఫోను చాలు.

ఇక అసలు లెక్క. రాష్ట్ర నిబంధనల పట్టికలో ఇల్లు గదులుగా కనిపించదు, గ్యాలన్లుగా కనిపిస్తుంది. రెండు పడగ్గదుల లోపు, 1,500 చదరపు అడుగుల లోపు ఇంటికి రోజుకు 225 గ్యాలన్లు. మూడు పడగ్గదులు, 2,500 చదరపు అడుగుల లోపైతే 300. నాలుగు పడగ్గదులు, 3,500 లోపైతే 375. ఐదు, 4,500 లోపైతే 450. ఆపైన ప్రతి మెట్టుకూ 75. నీళ్లు పొదుపు చేసే కుళాయిలు, ఫ్లష్‌లు పెడతామంటే సరిగ్గా 20 శాతం తగ్గింపు, అంటే 300 కాస్తా 240 అవుతుంది. ఇంట్లో ఉండేది ఇద్దరా, పదిమందా అన్నది పట్టికకు అనవసరం. 300 గ్యాలన్లంటే దాదాపు 1,136 లీటర్లు. మన డాబాల మీద కనిపించే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు కన్నా కాస్త ఎక్కువే.

తెలుగువాళ్ల ప్లాన్లు చిక్కులో పడేది ఇక్కడే. పట్టికలో పడగ్గదుల సంఖ్య, విస్తీర్ణం రెండూ ఉన్నాయి. ఏది పెద్ద మెట్టు మీదుంటే అదే లెక్క. మూడే పడగ్గదులు పెట్టి, హాలు విశాలంగా ఉండాలని ఇంటిని 3,400 చదరపు అడుగులకు పెంచితే, కౌంటీ దృష్టిలో అది నాలుగు పడగ్గదుల ఇల్లే. పైగా తలుపు, కిటికీ, అల్మారా మూడూ ఉన్న గదిని ప్లాన్ మీద ఏ పేరు పెట్టినా పడగ్గదిగానే లెక్కేసే కౌంటీలున్నాయి. ఆఫీసు గది అని రాసుకోండి, దేవుడి గది అని రాసుకోండి, ప్లాను చూసే మనిషికి అందులో మంచం కనిపిస్తుంది. దేవుడి గదికి తలుపు, అల్మారా వద్దనుకుంటే ఒక మెట్టు మిగలొచ్చు. అమ్మానాన్నలు ఆర్నెల్లు వచ్చి ఉంటారని కింద ఒక గది కలిపితే ఆ 75 గ్యాలన్లు కలవక తప్పదు.

రోజుకు 250 గ్యాలన్ల దాకా 750 గ్యాలన్ల ట్యాంకు సరిపోతుంది. 251 నుంచి 350 దాకా 1,000, ఆపైన 500 దాకా 1,250. ట్యాంకుతో పెద్ద తంటా లేదు, గొయ్యి తవ్వి దించడమే. ట్యాంకులోంచి పొర్లిన నీరు ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. దాన్ని నేల తాగాలి. ఎంత తాగుతుందో చూడ్డానికి లైసెన్సున్న మనిషి వచ్చి, నీరు వదలబోయే జాగాకు ఆ చివరా ఈ చివరా కనీసం రెండు గుంతలు తీసి, మట్టిని చేత్తో నలిపి చూస్తాడు. తడిపి, రెండు వేళ్ల మధ్య రిబ్బనులా సాగదీస్తాడు. పొడవుగా సాగితే అది బంకమన్ను, మీకు కష్టకాలం.

గుల్లగా ఉండే లోమ్ నేల చదరపు అడుగుకు రోజుకు 0.25 గ్యాలన్ తాగుతుందని పట్టిక. బంక కలిసిన లోమ్ అయితే 0.20. అచ్చమైన బంకమన్ను 0.10. ఇప్పుడు నాలుగు పడగ్గదుల ఇంటి 375 గ్యాలన్లను భాగించండి. లోమ్‌లో 1,500 చదరపు అడుగుల జాగా చాలు. బంకమన్నులో 3,750 కావాలి. మన కొలతలో దాదాపు 417 గజాలు. అంటే ఊళ్లో రెండిళ్లు కట్టుకునే స్థలం మురుగు ఇంకడానికే పోతుంది. దాని మీద కారు ఆపకూడదు, షెడ్డు వెయ్యకూడదు.

డల్లాస్ చుట్టుపక్కల నేల ఆ మూడో రకమే ఎక్కువ. ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర్నుంచి దక్షిణాన శాన్ ఆంటోనియో దాకా ఒక నల్లటి పట్టీ సాగుతుంది, బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. అక్కడి మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. ఎండాకాలం వెళ్లి చూస్తే నెర్రెలు విచ్చి ఉంటుంది. వానలకు ఉబ్బి, చెప్పుకు చెప్పంత మట్టి అంటుకుంటుంది. మృత్తికా శాస్త్రంలో అదీ, దక్కన్ నల్లరేగడీ ఒకే వర్గం, వెర్టిసాల్స్. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ పత్తి చేలల్లో పెరిగినవాడికి ఆ నేల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తడిసిన రేగడిలో నీళ్లు కిందికి దిగవని చిన్నప్పుడే తెలుసు. టెక్సాస్ నిబంధనలు కూడా ఆ మట్టిని, కందకంలో గొట్టాలు వేసి నీరు ఇంకించే మామూలు పద్ధతికి పనికిరాదని పక్కన పెట్టాయి. పునాదికీ అదే శత్రువు, కానీ అది వేరే వ్యాసం.

అందుకే అక్కడ చాలామంది ఏరోబిక్ వ్యవస్థకు వెళ్తారు. గాలి ఊది సూక్ష్మజీవులతో మురుగును శుద్ధి చేయించి, క్లోరిన్ కలిపి, స్ప్రింక్లర్‌తో గడ్డి మీద చల్లేస్తుంది. కొత్తగా పెట్టినప్పుడు మొదటి 2 ఏళ్ల నిర్వహణ ఒప్పందం దాంతోనే రావాలి. ప్రతి 4 నెలలకు తనిఖీ, ఆ నివేదిక కౌంటీకి. మోటారు, క్లోరిన్, కరెంటు ఖర్చు ఇల్లున్నన్నాళ్లూ ఉంటుంది. ఇల్లు అమ్మేవాళ్లు దీన్ని రెండు మాటల్లో చెప్పేస్తారు గానీ, కొనేవాళ్లు పాత నివేదికలు అడిగి చూడటం మంచిది.

ఇక బోరు. ఊరి నీళ్ల గొట్టం ఉన్నచోట కొత్త ప్లాటు కనీసం అర ఎకరం ఉండాలి, సొంత బోరైతే ఒక ఎకరం. వందసెంట్లలో ఇల్లూ బోరూ సెప్టికూ పట్టవా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క 208 అడుగుల చిల్లర. బోరుకూ, మురుగు ఇంకే జాగాకూ మధ్య 100 అడుగులు ఉండాలి. బోరుకూ ట్యాంకుకూ మధ్య 50. బోరుకూ సరిహద్దుకూ మధ్య కూడా 50. ఎకరం నడిమధ్యన బోరు వేశారనుకోండి. దాని చుట్టూ 100 అడుగుల వృత్తం గీస్తే 31,416 చదరపు అడుగులు, అంటే ఎకరంలో 72 శాతం, మురుగుకు నిషిద్ధం. మిగిలేది నాలుగు మూలలు, ఒక్కోటి 3,036 చదరపు అడుగులు, అదీ కొడవలి ఆకారంలో. సరిహద్దు నుంచి ఇంకో 5 అడుగులు తియ్యండి. పొదుపు కుళాయిలు పెట్టినా సరే, బంకమన్నులో నాలుగు పడగ్గదుల ఇంటికి కావాల్సిన 3,000 ఏ ఒక్క మూలలోనూ పట్టదు.

అదే బోరును ఒక మూలకు జరిపి, రెండు సరిహద్దులకూ సరిగ్గా 50 అడుగుల్లో వేస్తే ఎదుటి మూలంతా ఖాళీగా దొరుకుతుంది. ఎకరం అదే, ఇల్లు అదే. కాకపోతే బోరు వేసేవాడు లారీ సులువుగా తిరిగే చోట రంధ్రం చేసి వెళ్లిపోతే, సెప్టిక్ డిజైనర్ వచ్చి తల పట్టుకుంటాడు. పక్కవాడి బోరు కంచెకు దగ్గరగా ఉంటే దాని వృత్తం మన నేలలోకీ వస్తుంది. అందుకని ఇద్దరినీ ఒకే కాగితం ముందు కూర్చోబెట్టకుండా ఏ బోరు బండినీ పిలవొద్దు.

ఈ తలనొప్పులన్నీ విని ఇండియా నుంచి నాన్న ఫోన్లో అడుగుతాడు, "పదెకరాలు కొన్నావు కదరా, సెప్టిక్ ట్యాంకుకి కూడా వాళ్లనడిగేదేంటి?" కొడుకు చెప్పే జవాబు: "పదెకరాలైతే అడగక్కర్లేదంట నాన్నా, వంద అడుగులు వదిలితే చాలంట." ఇద్దరూ చెప్పింది సగం సగం సరైనదే.

10 ఎకరాలు, అంతకు పైబడిన భూమిలో ఒకే ఒక్క ఇల్లు ఉండి, మురుగు ఇంకే గొట్టాలు ఏ సరిహద్దుకూ 100 అడుగుల లోపు రాకుండా ఉంటే సెప్టిక్ అనుమతి అక్కర్లేదని రాష్ట్ర చట్టం. ఒకే ఒక్క ఇల్లు అన్న మాట గుర్తుంచుకోండి. అమ్మానాన్నలకు పక్కనే చిన్న ఇల్లు కడితే మినహాయింపు ఎగిరిపోయినట్టే. ఆకారం కూడా ముఖ్యం. చతురస్రమైన పదెకరాలు 660 అడుగులకు 660. నాలుగు వైపులా వంద వదిలినా మధ్యలో 460 అడుగుల చదరం మిగులుతుంది, హాయి. కానీ రోడ్డు ముఖం ఎక్కువమందికి పంచాలని భూమిని పొడుగ్గా చీలుస్తారు. 200 అడుగుల వెడల్పు, 2,178 అడుగుల పొడవు ఉన్న ముక్క కూడా సరిగ్గా పదెకరాలే. అటు వంద, ఇటు వంద వదిలితే మిగిలేది ఒక గీత. ఆ గీత మీద గొట్టం వెయ్యాలి! ఇవన్నీ సరిపోయినా, విస్తీర్ణంతో పనిలేకుండా అందరికీ పర్మిట్ తప్పదని కఠినమైన ఆదేశం చేసుకున్న కౌంటీలున్నాయి, రాష్ట్రం అందుకు వీలు కల్పించింది.

అమ్మకం ప్రకటనల్లో 10.01 ఎకరాలు, 10.05 ఎకరాలు అని వింత అంకెలు ఎందుకుంటాయో ఇప్పుడు చెప్పవచ్చు. మూడు చట్టాలు పది దగ్గరే గీత గీశాయి, కానీ ఒకే చోట గీయలేదు. సెప్టిక్ మినహాయింపుకు 10 ఉన్నా చాలు. భూమిని ముక్కలు చేసేటప్పుడు కౌంటీకి ప్లాటు పటం సమర్పించకుండా తప్పించుకోవాలంటే ప్రతి ముక్కా 10 కన్నా ఎక్కువ ఉండాలి, కొత్త రోడ్లు వెయ్యకూడదు. భూగర్భజల జిల్లా ఉన్నచోట రోజుకు 25,000 గ్యాలన్లు మించని ఇంటి బోరుకు పర్మిట్ మినహాయింపు కూడా 10 దాటిన భూమికే. కాబట్టి ఆ 0.01 కొనేవాడి సుఖం కోసం వచ్చింది కాదు, అమ్మేవాడు పటం ఖర్చు తప్పించుకున్న గుర్తు. పటం లేదంటే ఆ ముక్కకు నీటి లెక్క, వరద లెక్క, దారి లెక్క ఎవరూ చూసి ఉండకపోవచ్చు. సర్వేయర్ కొలిస్తే అది 9.97 అని తేలిందంటే మూడు మినహాయింపులకూ దెబ్బే.

వరద సంగతి తొందరగా ముగిస్తాను గానీ, తేలిగ్గా తీసుకోకండి. సమాఖ్య వరద బీమా పథకంలో చేరిన కౌంటీలు వరద మండలంలో ఏ పనికైనా పర్మిట్ అడగాలి. ఇల్లే కానక్కర్లేదు. మట్టి పోసి ఎత్తు చేసినా, చెరువు తవ్వినా, కొట్టం వేసినా పనే. పటంలో 'వందేళ్ల వరద' అని కనిపించేది వందేళ్లకోసారి వచ్చేది కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు రాగలిగేది. 30 ఏళ్ల గృహరుణం తీరేలోపు అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం, నాలుగో వంతు పైమాటే. 2025 జులైలో గ్వాడలూప్ నది కెర్ కౌంటీలో ఒక్క రాత్రిలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. వాగు పక్కన స్థలం చూడముచ్చటగా ఉందనిపించినప్పుడు పటంలో రంగు చూడండి.

ఇదంతా టెక్సాస్ కథ. రాష్ట్రం మారితే లెక్క తలకిందులవుతుంది. మిన్నెసోటాలో మురుగుతో పాటు మంచు కూడా లెక్కలోకి వస్తుంది: నేల గడ్డకట్టే లోతు కిందికి పునాది పోవాలి, దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60. కాలిఫోర్నియాలో ఎంత మారుమూల కౌంటీ అయినా రాష్ట్ర కోడ్ వర్తిస్తుంది. 2011 నుంచి కొత్త ఇంటి లోపల మంటలార్పే స్ప్రింక్లర్లు ఉండాలి, అడవి మంటల ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 100 అడుగుల మేర ఎండుగడ్డీ పొదలూ తీసెయ్యాలి. ఒరెగన్ అన్నిటికన్నా గట్టిది. 1973 చట్టం పుణ్యమా అని అక్కడ సాగుభూమి కనీస కమతం సాధారణంగా 80 ఎకరాలు. మంచి సారవంతమైన నేలలో రైతు ఇల్లు కట్టుకోవాలంటే, ఒక దారి ఏడాదికి 80,000 డాలర్ల పంట రాబడి చూపించడం. మన దగ్గర వ్యవసాయ భూమిని ప్లాట్లు చేసే వేగం చూసినవాళ్లు ఆ నిబంధన చదివితే కాసేపు నమ్మరు.

టెక్సాస్‌కే తిరిగొస్తే, పనుల వరస ఇలా పెట్టుకోవడం మేలు. దరఖాస్తు, డిజైను పూర్తిగా అందాక కౌంటీ 30 రోజుల్లో అవునో కాదో చెప్పాలి. కట్టుకోమని ఇచ్చిన సెప్టిక్ అనుమతి ఏడాది చెల్లుతుంది. ఈలోగా ఇంటి ప్లాన్‌కు ఒక గది కలిస్తే డిజైన్ మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఆర్కిటెక్టుతో గదుల లెక్క తేల్చుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. రోడ్డు మీది నుంచి లోపలికి దారి, దాని కింద తూము విడిగా అడగాలి. కౌంటీ రోడ్డయితే కౌంటీ, రాష్ట్ర రోడ్డయితే రాష్ట్ర రవాణా శాఖ. అంబులెన్సు వెతుక్కుని వచ్చేందుకు 911 చిరునామా మరో ఫారం.

ఇవన్నీ కొన్న తర్వాతి మాటలు. కొనకముందు పని ఒకటుంది. టెక్సాస్‌లో ఖాళీ భూమి కొనుగోలు ఒప్పందంలో, కొంత రుసుము కట్టి ఇన్ని రోజుల్లోపు కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు రాయించుకోవచ్చు. ఆ రోజులను బేరమాడుకోవాలి. మట్టి చూసేవాడికి తేదీ దొరకడానికి, వాన పడితే నేల ఆరడానికి సరిపడా అడగండి. ఆ గడువులోపే ఆ రెండు గుంతలూ తవ్వించి, సర్వే కాగితం మీద బోరు చుట్టూ వృత్తం గీయించి చూడండి. గుంతలు తవ్వడానికి అమ్మేవాళ్ల అనుమతి కూడా ఒప్పందంలోనే రాయించుకోండి, మళ్లీ పూడ్చే ఖర్చు ఎవరిదో సహా.